పూచి కాయని పూవు: సరస్తీర చామంతి కథ

పూచిన పూలన్నీ కాయలవుతాయా అని మన పెద్దలు అంటూ ఉంటారు. మామిడి పూత గాలికి రాలినప్పుడు, మంచుకు మాడినప్పుడు రైతు ఈ మాట చెప్పుకొని ఊరడిల్లుతాడు. వేయి పూలలో పది నిలిచినా చాలుననే ధైర్యం ఆ మాట వెనుక ఉన్నది. కాని ఒక మొక్కల గుంపు ప్రతి వసంతంలోను పూచి, తేనెటీగలు వచ్చి వాలి వెళ్ళుతూ ఉండగా, పదిహేను సంవత్సరాల పాటు ఒక్క గింజయైనా కట్టకపోతే ఏమనుకోవాలి? చూచేవారికి పూతలో ఏ లోపమూ కనిపించదు. ఉత్తర అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో ఇట్టి వింత జరిగింది. దానికి కారణమేమి, దాని వల్ల వృక్షసంరక్షణ శాస్త్రం నేర్చుకొన్న పాఠమేమి అనే విషయాన్ని మన విద్యార్థులకు వివరించడమే ఈ వ్యాసోద్దేశము.

ఆ మొక్కను ఆంగ్లంలో లేక్‌సైడ్ డైసీ అంటారు. శాస్త్రజ్ఞులు దానికి పెట్టిన పేరు టెట్రాన్యూరిస్ హెర్బేసియా. పూర్వం హైమెనాక్సిస్ అనే ప్రజాతిలో చేర్చి వ్రాసేవారు కనుక పాత గ్రంథాలలో ఆ పేరు కూడా కనబడుతుంది. మన సౌలభ్యం కొరకు దానిని సరస్తీర చామంతి అని పిలుచుకొందాము. ఇది మనకు పరాయి కుటుంబానికి చెందినది కాదు. తెలుగువారి చామంతి, ఉర్దూవారి గుల్-ఎ-దావూదీ, పొలాల్లోని పొద్దుతిరుగుడు, పండుగనాడు గుమ్మానికి కట్టే బంతి, ఇవన్నీ దీనికి బంధువులే. మన దారుల వెంట, గోడల మొదళ్ళలో, మెట్టభూముల్లో ఎవరూ నాటకుండానే పెరిగే గడ్డిచామంతి కూడా ఆ కుటుంబంలోనిదే.

గడ్డిచామంతిని ఒకమారు చేతిలోకి తీసుకొని పరిశీలించినట్లయితే సరస్తీర చామంతి నిర్మాణం తెలిసిపోతుంది. మనము ఒక పూవు అనుకొనేది నిజానికి ఒక పూవు కాదు. అనేక పుష్పకాల సమూహము. మధ్యనున్న పసుపుపచ్చని బొడ్డులో చక్ర పుష్పకాలు కిక్కిరిసి ఉంటాయి. చుట్టూ రేకులవలె కనిపించేవి కిరణ పుష్పకాలు. గడ్డిచామంతిలో రేకు కొన మూడు పళ్ళుగా చీలి ఉన్నట్లే సరస్తీర చామంతిలోనూ ఉంటుంది. తేడా ఏమనగా దీని పుష్పం లోపలా వెలుపలా కూడ బంగారు పసుపు. నేలను అంటిపెట్టుకొన్న దళసరి ఆకుల గుత్తి నడుమ నుండి ఆకులు లేని కాడ ఒకటి జానెడు ఎత్తు లేచి, దాని కొసను ఒకే ఒక పుష్పశీర్షం నిలుస్తుంది. ఇది బహువార్షిక మొక్క. చలికాలమంతా మంచు క్రింద అణగి ఉండి, మే నెల వచ్చేసరికి ఒక్కసారిగా విరబూస్తుంది. కొద్ది వారాలలో ఆ పూత ముగిసిపోతుంది.

గడ్డిచామంతి ఖండాలు దాటి వచ్చి మన దేశమంతటా అల్లుకుపోయింది. సరస్తీర చామంతి మాత్రం లోకంలో వ్రేళ్ళపై లెక్కించదగిన తావులలోనే ఉన్నది. ఒకే కుటుంబంలో ఒకరికి ఇంత విస్తృతి, మరొకరికి ఇంత సంకోచం ఎందుకు కలిగినవో తెలుసుకోవాలంటే అది నివసించే నేలను గూర్చి కొంత తెలుసుకోవాలి.

అమెరికా సంయుక్త రాష్ట్రాలకు, కెనడాకు మధ్య ఐదు మహాసరస్సులున్నవి. వాటిలో ఈరీ సరస్సు అన్నింటికంటె లోతు తక్కువైనది. దాని దక్షిణ తీరాన ఒహాయో రాష్ట్రంలో మార్బుల్‌హెడ్ అనే ద్వీపకల్పం నీటిలోనికి చొచ్చుకొని ఉన్నది. ఆ ద్వీపకల్పమంతా సున్నపురాతి బండ. 1822 నుండి నేటి వరకు ఎడతెగక వెలుగుతున్న అచ్చటి దీపస్తంభాన్ని కూడా ఆ రాతితోనే కట్టారు. సున్నపురాయి అనగానే మన తాండూరు, బేతంచెర్ల నాపరాళ్ళను తలచుకొంటే చాలును. సముద్రపు అడుగున పొరలు పొరలుగా పేరుకొని గట్టిపడిన రాయి అది. మార్బుల్‌హెడ్ రాయికి సుమారు 39 కోట్ల సంవత్సరాల వయస్సు ఉంటుంది. తరువాత హిమయుగంలో మైలు మందాన మంచు ఆ బండలపై కదలి, పైనున్న మట్టినంతా గీరి తీసుకొనిపోయింది. ఆ మంచు బండలను చెక్కిన లోతైన గాళ్ళు సమీపంలోని కెల్లీస్ ద్వీపంలో నేటికీ చూడవచ్చును. సుమారు 14,000 సంవత్సరాల క్రితం మంచు వెనుకకు తగ్గినప్పుడు కొన్ని చోట్ల నున్నని బండ, దాని పగుళ్ళలో చారెడు మట్టి మాత్రమే మిగిలినవి.

ఇటువంటి సున్నపుబండ మైదానాలను శాస్త్రజ్ఞులు ఆల్వార్ అంటారు. స్వీడను దేశపు మాట అది. ఆ దేశంలోని ఓలాండ్ ద్వీపంలో ఇట్టి విశాలమైన మైదానం ఉన్నది. ఆల్వార్ నేలపై బ్రతకడం తపస్సు వంటిది. వసంతంలో మంచు కరిగిన నీరు బండపై నిలిచి వేళ్ళను ముంచివేస్తుంది. వేసవిలో అదే బండ పెనము వలె కాగిపోతుంది. శీతకాలంలో పగుళ్ళలోని నీరు గడ్డకట్టి మొలకలను వేళ్ళతో సహా పైకి నెట్టివేస్తుంది. ఈ మూడు బాధలకు ఓర్వలేక చెట్లు, పొదలు దూరంగా ఉంటాయి. సరస్తీర చామంతికి కావలసినది అదే. దానికి కరవు సహించే శక్తి ఉన్నది కాని నీడను సహించే శక్తి లేదు. పొరుగున ఒక పొద పెరిగి ఎండ తగ్గిందంటే అది పూత తగ్గించి, క్రమంగా క్షీణించిపోతుంది. బలవంతులు రాలేని చోటునే తన ఇల్లుగా చేసుకొన్న మొక్క యిది. దాని దగ్గరి జ్ఞాతులన్నీ పశ్చిమ అమెరికా యొక్క ఎండు మైదానాలలోను, కొండలలోను ఉన్నవి. మంచు తగ్గిన కాలంలో దీని పూర్వీకులు అటునుండి తూర్పునకు వచ్చి ఈ బండలపై చిక్కుకొని ఉంటాయని శాస్త్రజ్ఞుల ఊహ.

నేడు ఈ మొక్కలు అత్యధికంగా ఉన్నది కెనడాలోని ఆంటారియో రాష్ట్రంలో, మానిటూలిన్ ద్వీపంలోను, బ్రూస్ ద్వీపకల్పంలోను. సంయుక్త రాష్ట్రాలలో చెప్పుకోదగిన సహజమైన గుంపు మార్బుల్‌హెడ్ ఒక్కటే. మిషిగన్ రాష్ట్రంలో ఒక చిన్న గుంపు కనబడింది. ఇల్లినాయ్ రాష్ట్రంలో నదీతీరపు డోలమైట్ బండలపై, కంకర గుట్టలపై ఒకప్పుడు కొన్ని గుంపులుండేవి.

మార్బుల్‌హెడ్‌లో ఒక విచిత్ర పరిస్థితి ఏర్పడింది. సున్నపురాతి కొరకు అక్కడ నూరేండ్లకు పైబడి గనులు త్రవ్వుతున్నారు. గని త్రవ్వితే మొక్క నశిస్తుందనుట స్పష్టమే. కాని త్రవ్వకం ఆగిపోయి విడిచిపెట్టిన గనుల అడుగుభాగంలో మిగిలేది ఏమిటి? మట్టిలేని బండ, నీడలేని ఎండ. హిమనదం చేసిపెట్టిన నేలనే గని కూడా మరొక విధంగా చేసిపెట్టింది. ప్రక్కన మిగిలి ఉన్న మొక్కల గింజలు ఆ బండపై పడి మొలచి, పాత గనులు పసుపు తివాచీలైనవి. కనుక గనిని కేవలం శత్రువనీ అనలేము, మిత్రుడనీ అనలేము. త్రవ్వే చోటు, విడిచే చోటు, గింజలు ఇచ్చే మొక్కలు మిగిలిన చోటు, ఈ మూడింటి నడుమ సమతూకం ఉన్నంతవరకే మొక్క నిలుస్తుంది. గింజలిచ్చే మొక్కలు లేకుండా ఎన్ని పాత గనులున్నా ప్రయోజనం శూన్యము.

1973లో సంయుక్త రాష్ట్రాల ప్రభుత్వం అపాయంలో ఉన్న జీవజాతుల రక్షణకు ఒక శాసనం చేసింది. దాని క్రింద 1988లో సరస్తీర చామంతిని ప్రమాదానికి లోనవుతున్న జాతిగా ప్రకటించారు. ఆ సంవత్సరంలోనే ఒహాయో రాష్ట్రం మార్బుల్‌హెడ్‌లో పాత గనికి చెందిన 19 ఎకరాల నేలను ఈ మొక్క పేరిటనే రక్షితస్థలంగా ఏర్పాటు చేసింది. అయితే చుట్టూ కంచె వేసి, తాళం వేసి, ఇక ఎవరూ ముట్టరాదని కూర్చుంటే ఈ మొక్క బ్రతకదు. కొన్ని సంవత్సరాలకు పగుళ్ళలో మట్టి పేరుకొంటుంది, పొదలు లేస్తాయి, చెట్లు మొలుస్తాయి, నీడ పడుతుంది. అందుచేత పొదలను నరికి, మొలకెత్తిన చెట్లను తొలగించి, ఎండను కాపాడవలసి వస్తుంది. సంరక్షణ అనగా దూరంగా ఉండడమని చాలమంది భావిస్తారు. ఈ మొక్క విషయంలో సంరక్షణ అనగా ఏటేటా చేయవలసిన పని. కెల్లీస్ ద్వీపంలో కూడా ఈ మొక్కలను నాటి, మార్బుల్‌హెడ్‌కు ఏదైనా ఉపద్రవం వచ్చినా వంశం నిలిచే ఏర్పాటు చేశారు.

ఇక మొదట ప్రస్తావించిన ఇల్లినాయ్ వింతకు వద్దాము. అచ్చట మొక్కలు తగ్గుతూ వచ్చి చివరకు సుమారు 30 మాత్రమే మిగిలినవి. అవి పూచేవి. తేనెటీగలు ఒక పూవు నుండి మరొక పూవుకు తిరిగేవి. గింజ మాత్రం కట్టలేదు. లెక్క వ్రాసేవాడు వస్తే 30 మొక్కలున్నవని వ్రాసుకొని తృప్తిగా వెళ్ళిపోవచ్చును. పసిమొక్క ఒక్కటైనా ఉన్నదా అని వెదకినవానికే భయం కలుగుతుంది. 1981 నాటికి ఇల్లినాయ్ రాష్ట్రంలోని సహజమైన తావులలో ఈ మొక్క లేకుండా పోయింది. ఆ వంశపు మొక్కలు కొన్ని మాత్రం పెంపకంలో మిగిలినవి.

కారణం మొక్క యొక్క సంతానోత్పత్తి నియమంలోనే ఉన్నది. కొన్ని మొక్కలు తమ పుప్పొడితో తామే గింజ కట్టుకొంటాయి. కొన్ని మొక్కలకు ఇతర మొక్క పుప్పొడియే కావాలి. తన పుప్పొడిని తానే నిరాకరించే ఈ గుణాన్ని మన పాఠ్యగ్రంథాలలో ఆత్మవంధ్యత్వం అంటారు. సరస్తీర చామంతిలో ఈ నియమం మరింత కఠినమైనది. ప్రతి పుప్పొడి రేణువు తనను కన్న మొక్క యొక్క గుర్తును పైపొరపై మోసుకొని వస్తుంది. కీలాగ్రం దానిని పరీక్షిస్తుంది. తన గుర్తు, వచ్చినవాని గుర్తు ఒకటే అయితే రేణువును మొలకెత్తనివ్వదు. ఆ రేణువు వేరొక మొక్కది కావచ్చును, పది గజాల దూరం నుండి రావచ్చును. గుర్తు ఒకటైతే చాలు, తలుపు మూసివేయబడుతుంది. మన హైందవ సోదరులలో సగోత్రీకులకు వివాహం కూడదనే ఆచారం ఉన్నది కదా, అట్లే అనుకోవచ్చును. గోత్రాలు అనేకం ఉన్న ఊరిలో ఆ నియమం వల్ల మేలే కాని కీడు లేదు. దగ్గరి రక్తం కలియక వంశం బలంగా ఉంటుంది. కాని కాలవశాన ఊరంతా ఒకే గోత్రం వారు మాత్రమే మిగిలి, పొరుగూరి దారి మూసుకొనిపోతే ఏమవుతుంది? వంశాన్ని కాపాడవలసిన నియమమే వంశాన్ని నిలిపివేస్తుంది.

ఇల్లినాయ్‌లో జరిగినది సరిగా అదే. మార్సెల్లా డిమారో అనే వృక్షశాస్త్రజ్ఞురాలు 1993లో ప్రచురించిన పరిశోధనలో ఈ రహస్యం వెల్లడైంది. ఇల్లినాయ్ మొక్క పుప్పొడిని మరొక ఇల్లినాయ్ మొక్క కీలాగ్రంపై ఉంచితే గింజ కట్టలేదు. ఒహాయో నుండి గాని, కెనడా నుండి గాని వచ్చిన మొక్కల పుప్పొడిని ఉంచితే గింజ కట్టింది. మొక్కలలో జబ్బు లేదు, నేలలో దోషం లేదు, తేనెటీగల సేవలో లోపం లేదు. మిగిలిన మొక్కలన్నీ ఒకే గుర్తుకు చెందినవి. మొక్కల సంఖ్య తగ్గుతున్నప్పుడు ఒక్కొక్క గుర్తు ఒక్కొక్కటిగా ఎవరికీ తెలియకుండానే మాయమైపోయింది. కంటికి 30 మొక్కలు. సంతానం విషయంలో అవన్నీ కలిసి ఒకే మొక్కతో సమానము. ఆఖరి మొక్క ఎండిపోవడానికి ఎంతో ముందే ఆ గుంపు అంతరించిందని చెప్పవలసి ఉన్నది.

ఇక్కడ ఆలోచనాపరుల మనస్సులో ఒక ప్రశ్న పుట్టక మానదు. ఇల్లినాయ్ మొక్కకు ఒహాయో పుప్పొడిని కలిపితే అది ఇల్లినాయ్ మొక్కగా మిగులుతుందా? ఏ తావు మొక్క ఆ తావు నేలకు, చలికి, ఎండకు అలవాటు పడిన ప్రత్యేక సంపద కదా. దానిని కలగాపులగం చేయడం సంరక్షణ అవుతుందా? ఈ ప్రశ్న తేలికగా త్రోసివేయదగినది కాదు. అవసరం లేనిచోట దూరప్రాంతపు మొక్కలను తెచ్చి కలపడం వల్ల స్థానిక గుణాలు మరుగున పడే ప్రమాదం నిజంగానే ఉన్నది. కాని ఇల్లినాయ్ మొక్క ముందు రెండు మార్గాలే ఉన్నవి. ఏమీ కలపకుండా శుద్ధంగా ఉండి, గింజ లేక, మొక్క తరువాత మొక్కగా ముగిసిపోవడం ఒకటి. పొరుగువారి పుప్పొడిని స్వీకరించి, తన గుణాలలో సగాన్నైనా తన బిడ్డలలో నిలుపుకోవడం రెండవది. ఒహాయో పుప్పొడి వచ్చి ఇల్లినాయ్ వంశాన్ని చెరిపివేయలేదు. అది రాకుంటే చెరిగిపోయేది ఇల్లినాయ్ వంశమే. ఈ తీర్పు భావావేశంతో ఇచ్చినది కాదు. ఏ కలయికలో గింజ కట్టింది, ఏ కలయికలో కట్టలేదు అని ఓపికగా లెక్కించిన తరువాత ఇచ్చినది.

ఆ విధంగా కలయిక వల్ల పుట్టిన మొక్కలను 1988లో ఇల్లినాయ్ రాష్ట్రంలో లాక్‌పోర్ట్, రోమియోవిల్, మానిటో అనే మూడు రక్షిత పచ్చికమైదానాలలో నాటినారు. ఇటువంటి పనిలో ఎన్ని మొక్కలు నాటినామన్నది ఒక్కటే లెక్క కాదు. ఎన్ని వేర్వేరు గుర్తులు గల మొక్కలను కలిపి నాటినామన్నది అంతకంటె ముఖ్యమైన లెక్క. ఒకే తల్లి పిల్లలను వందల కొలది నాటినా మునుపటి కథయే తిరిగి మొదలయ్యే ప్రమాదం ఉన్నది.

ఇందుకు సమీపమైన ఉదాహరణ మన తెలుగునేలపై కూడా ఒకటి కలదు. శేషాచలం కొండలలోను, దాని పరిసరాలలోని తూర్పు కనుమలలోను మాత్రమే సహజంగా పెరిగే సైకస్ బెడ్డోమై అనే మొక్క ఉన్నది. చూడటానికి పొట్టి ఈతచెట్టు వలె ఉంటుంది. అంతర్జాతీయ వర్తకంలో అత్యంత కఠినమైన నిషేధం గల మొదటి పట్టికలో దానిని చేర్చారు. దానిలో మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు. మగ మొక్క యొక్క శంకువును మందుల కొరకు కోసుకొనిపోతారు. శంకువు కోసినందువల్ల మొక్క చావదు. కొండపై ఎప్పటివలె పచ్చగానే నిలిచి ఉంటుంది. కాని ఆ చుట్టుప్రక్కల ఆడ మొక్కలకు పుప్పొడి ఎక్కడి నుండి వస్తుంది? ఇక్కడి కారణం వేరు, ఇల్లినాయ్ కారణం వేరు. ప్రమాదం మాత్రం ఒకే రకమైనది. పచ్చగా కనబడే మొక్కల సంఖ్య చూచి మోసపోరాదు.

మొక్కల ధర్మాన్ని యథాతథంగా మనుష్యులకు అన్వయించడం సరియైన పద్ధతి కాదని మేము ఎరుగుదుము. మనిషికి బుద్ధి ఉన్నది, భాష ఉన్నది, ఎంచుకొనే స్వేచ్ఛ ఉన్నది. అయినను ఒక ప్రక్క నుండి ఉర్దూ పుటలు, మరొక ప్రక్క నుండి తెలుగు పుటలు మొదలై నడుమ కలిసే ఇటువంటి సంచికను చేతపట్టుకొని చదివే విద్యార్థికి, ఇల్లినాయ్ బండలపై ఒంటిగా పూచిన ఆ 30 మొక్కలు ఏదో ఒకటి గుర్తుచేయక మానవు. చిన్న సమూహానికి తన గుణాన్ని కాపాడుకోవాలనే ఆతురత సహజము. ఆ ఆతురత తలుపులన్నీ మూసివేసేటంతగా పెరిగితే కాపాడదలచిన దానికే హాని కలుగుతుంది. ఇంతకు మించి ఈ పోలికను సాగదీయ నవసరం లేదు.

చివరగా విద్యార్థులకు, కళాశాల కమిటీ పెద్దలకు ఒక చిన్న మనవి. ప్రతి కళాశాలకు చేరువలో ఒక చెరువుగట్టో, ఒక రాతిగుట్టో ఉండనే ఉంటుంది. వృక్షశాస్త్ర విద్యార్థులు తరగతికి ఒక దళసరి నోటుపుస్తకం తెరచి, అక్కడి మొక్కల పేర్లను తెలుగులోను, ఉర్దూలోను, శాస్త్రభాషలోను వ్రాసి, ప్రతి పేరుకు ఎదురుగా మూడు గడులు గీయవలెను. మొదటి గడిలో పూచిన తేదీ, రెండవ గడిలో గింజ కట్టిన తేదీ, మూడవ గడిలో ఆ సంవత్సరం కనబడిన పసిమొక్కల లెక్క ఉండాలి. ఈ పుస్తకం ఒక తరగతి వారు వెళ్ళిపోగానే అటకెక్కకుండా తరువాతి తరగతి వారికి అప్పగింపబడవలెను. ఇందుకు కావలసిన వ్యయం ఒక నోటుపుస్తకం ఖరీదు మాత్రమే. కావలసిన శ్రమ సంవత్సరానికి కొన్ని సాయంకాలాలు. మొదటి గడి నిండుతూ మూడవ గడి వరుసగా కొన్ని సంవత్సరాలు ఖాళీగా ఉన్న మొక్క ఏదైనా కనబడితే, దానిని గూర్చి వెంటనే తమ అధ్యాపకులకు తెలియజేయవలెను. ఇల్లినాయ్‌లో ఆ ఖాళీని పదిహేనేండ్లు ఆలస్యంగా గుర్తించారు. మన చెరువుగట్టు మీద అంత ఆలస్యం జరగకుండా చూడటం మన విద్యార్థుల చేతిలోని పనియే.